బొమ్మిడాయి మేత ముట్టడం లేదా? ముందు ఇసుక, చీకటి చూడండి

ప్రశ్న: చెరువు పట్టుబడిలో దొరికిన జానెడు బొమ్మిడాయిని పిల్లలు ముచ్చటపడితే అక్వేరియంలో వేశాం. పన్నెండు రోజులైనా ఒక్క పెల్లెట్ ముట్టలేదు. పగలంతా గులకరాళ్ల మీద మూలన పడి ఉంటోంది. తొట్టిలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు కూడా ఉన్నాయి. ఏం చేయాలి?
– ఓ రైతు, కైకలూరు

జవాబు: రోగమని అప్పుడే మందులు పోయకండి. బొమ్మిడాయి పగలు ఇసుకలో, బురదలో దూరి, చీకటి పడ్డాక వాసన పట్టి పురుగులు, ఎర్రలు, చిన్న రొయ్యలు వెతుక్కునే చేప. నీటి మీద తేలే పెల్లెట్ దాని లెక్కలో మేతే కాదు. అడుగుకు దిగిన కాస్తా గోల్డ్‌ఫిష్‌లు ఉంచవు. ముందు వాటిని వేరే తొట్టిలోకి మార్చండి.

గులకరాళ్లు తీసేసి, జల్లించి కడిగిన సన్నటి ఏటి ఇసుక రెండు మూడు అంగుళాల మందాన పరచండి. గరుకు రాళ్లలో దూరబోతే పొట్ట గీసుకుని పుండు పడుతుంది. అంగుళంన్నర పీవీసీ గొట్టం అడుగు పొడవు ముక్క కోసి, అంచులు నున్నగా అరగదీసి అడుగున పెట్టండి. దాక్కునే చోటు లేని బొమ్మిడాయి ఎంత ఆకలైనా బయటికి రాదు. మూత బిగుతుగా ఉండాలి. ఫిల్టర్ గొట్టం పక్కనున్న సందు చాలు, తెల్లారేసరికి నేల మీద ఉంటుంది.

చెరువుకు వాడే కిట్టుతోనే నీరు పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. పీహెచ్ 6.5–7.5, వేడి 24–28 డిగ్రీలు సరిపోతాయి. వారానికోసారి పావు వంతు నీరు మార్చండి.

ఈ మార్పుల తర్వాత రెండు రోజులు మేత వేయకండి. మూడో రాత్రి దీపాలు ఆర్పిన అరగంటకు బతికున్న ఎర్రలతో మొదలుపెట్టండి. పురుగు మందు కొట్టని తడి నేలలోవే తవ్వండి. వర్మీకంపోస్టు ఎర్రలు చేదు ద్రవం వదులుతాయి, చాలా చేపలు నోట పెట్టి ఉమ్మేస్తాయి. తెచ్చినవాటిని ఒక రాత్రి తడిగుడ్డలో ఉంచితే కడుపులోని మట్టి పోతుంది. చేప నోటికి పట్టే సన్న ఎర్రలు రెండు మూడు, లేదా అంగుళం ముక్కలు, పొడవాటి పట్టకారుతో గొట్టం మూతి దగ్గర వదిలేయండి. ముట్టె మీదికి నెట్టారో, లోపలికి ముడుచుకుంటుంది. పొద్దున మిగిలినవి తీసేసి, రాత్రి విడిచి రాత్రి ప్రయత్నించండి. మురుగు కాలువల ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం వద్దు, రోగాలు తెస్తాయి.

నాలుగైదు సార్లు తిన్నాక, పచ్చి రొయ్య పొట్టు తీసి బఠాణీ గింజంత ముక్కలు చేసి, నలిపిన ఎర్ర రసంలో ముంచి ఎర్రలతో కలిపి వేయండి. మూడు వారాల్లో ఎర్రలు తగ్గించి రొయ్య పెంచవచ్చు. పెల్లెట్లకు అలవాటు చేయాలన్న పంతం అక్కర్లేదు. చెరువులో పట్టిన బొమ్మిడాయిల్లో కొన్ని ఎన్నటికీ ముట్టవు.

గేలానికి పడినదైతే నోట్లో గాయముందేమో చూడండి. పొట్ట లోపలికి పోయి, వీపు గట్టులా తేలితే పస్తు ముదిరినట్టు. అప్పుడైనా నోరు తెరిచి మేత కుక్కొద్దు. బూజు కనిపించినా చెరువు మోతాదులో మలకైట్ గ్రీన్, రాగి మందులు పోయకండి, ఈ చేప తట్టుకోలేదు. వేరే తొట్టిలోకి మార్చాల్సి వస్తే వల వాడకుండా డబ్బాతో నీళ్లతో సహా ఎత్తండి. వీపు ముళ్లు వలలో చిక్కుకుంటే ఒళ్లు చీరుకుపోతుంది.