టెక్ సందేహాలు: యాప్ చెప్పిన ధరకు మీ కార్డు కొనేదెవరు?

సెలవుల్లో అటకలు దులిపిన ఫలితమో ఏమో, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పోకెమాన్ (జపాన్ కార్టూన్ ఆట), క్రికెట్ బొమ్మల కార్డుల గురించే. ఫోను నెమ్మదించింది, వైఫై అందడం లేదు అన్నవాళ్లు ఒక వారం ఓపిక పట్టాలి.

చిన్నప్పటి పోకెమాన్ ఆల్బమ్ దొరికింది. స్కానింగ్ యాప్‌తో ఫొటో తీస్తే అందులోని చారిజార్డ్ అనే పాత్ర కార్డుకు 40 వేల రూపాయలకు పైగా చూపించింది. చౌరస్తా దగ్గర కలిసిన ఒక కుర్రాడు 3 వేలకు మించి ఇవ్వనన్నాడు. ఎవరిని నమ్మాలి?
– ప్రైవేటు ఉద్యోగి, హనుమకొండ

ప్రస్తుతానికి ఇద్దరినీ నమ్మకండి. యాప్ బొమ్మను గుర్తుపట్టింది, అంతే. అది ఏ ముద్రణ, కార్డు ఏ స్థితిలో ఉంది అన్నది దాని లెక్కలోకి రాలేదు.

ఇంగ్లిష్‌లో తొలి పోకెమాన్ కార్డులను, అంటే 'బేస్ సెట్'ను, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1999లో తెచ్చింది. అందులో చారిజార్డ్ సంఖ్య 4/102, అంటే 102 కార్డుల్లో నాలుగోది. బొమ్మ చట్రానికి కింద, ఎడమ మూల దగ్గర 'ఫస్ట్ ఎడిషన్' అన్న చిన్న నల్ల ముద్ర ఉంటే దాని ధర ఆకాశంలో ఉంటుంది. ముద్ర లేదు, చట్రం కుడిపక్కన నీడ కూడా లేదు అంటే 'షాడోలెస్', ధర ఒక మెట్టు కిందికి. నీడ ఉంటే మామూలు ముద్రణ. కళ్లు నమ్మలేకపోతే కార్డు అడుగున ఉన్న కాపీరైట్ వరుసను భూతద్దంతో చదవండి. మొదటి రెండు రకాల్లో 1995, 96, 98, 99 అని వరుసగా ఉంటుంది. మామూలు ముద్రణలో ఆ 99 ఉండదు. ఆ తర్వాత వచ్చే '1999 విజార్డ్స్' అన్న ముక్క అన్నిటిలోనూ ఉంటుంది కనుక దాన్ని చూసి మురిసిపోవద్దు.

2000లో వచ్చిన 'బేస్ సెట్ 2'లో ఇదే బొమ్మ 4/130 సంఖ్యతో మళ్లీ వచ్చింది. యాప్ బోల్తా పడడానికి అన్నిటికంటే అనువైనది 2021 నాటి 'సెలబ్రేషన్స్' ముద్రణ. అదే బొమ్మ, అదే 4/102, పైపైన చూస్తే తేడా అల్లా 25వ వార్షికోత్సవపు చిన్న పికాచు గుర్తు ఒక్కటే. ట్యూబులైటు వెలుగు పడి మెరిసిపోతున్న ఫొటోలో ఆ గుర్తు యాప్‌కు కనిపిస్తుందన్న నమ్మకం నాకైతే లేదు.

ఇదంతా అసలు కార్డు అయితేనే. మన ఊళ్లలో బడి పక్క కొట్లో కొన్నవైతే నకలు కావడానికే అవకాశం ఎక్కువ. వెనకవైపు ఇంగ్లిష్‌లో పోకెమాన్ పేరు చూడండి. 'ఇ' అక్షరం మీద చిన్న గీత లేకపోతే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు. బేస్ సెట్ కార్డుల్లో మెరుపు బొమ్మ చట్రం లోపలే ఉంటుంది, కార్డంతా తళతళలాడితే అనుమానించాలి. అంచును పక్కనుంచి చూస్తే, అసలు కార్డులో రెండు తెల్ల పొరల మధ్య సన్నని ముదురు గీత కనిపిస్తుంది. కొందరు చింపి చూడమంటారు. చింపాక అసలుదని తేలితే ఏం చేస్తారో వాళ్లు చెప్పరు.

ఇక ధర. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో కార్డు పేరు, సంఖ్య కొట్టి, ఫిల్టర్లలో 'సోల్డ్ ఐటమ్స్' ఎంచుకోండి. అమ్మకానికి పెట్టినవాడు ఎంతైనా అడగవచ్చు, నిజంగా చేతులు మారినవే లెక్క. అందులోనూ ధర మీద అడ్డగీత ఉంటే అది బేరమాడి కొన్నదని అర్థం. కనిపించేది అడిగిన ధర, ఒప్పుకున్నది అంతకంటే తక్కువ. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలిన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పేపర్లో పడేది జెండా పాట ధర, అంటే ఆ రోజు వేలంలో పలికిన గరిష్ఠ ధర. రంగు, తేమ, తాలు చూశాక వ్యాపారి ఆ రైతు బస్తాలకు రాసే ధర వేరు. మీ యాప్ చూపించింది జెండా పాట. మూలలు తెల్లబడి, రబ్బరుబ్యాండు గాటు పడిన కార్డుకు అలాంటి స్థితిలోనే అమ్ముడైన మూడు నాలుగు కార్డుల ధరలు చూసుకుని అప్పుడు బేరానికి కూర్చోండి. 3 వేలు అన్యాయమో కాదో అప్పుడే తెలుస్తుంది.

నా కార్డు కొంటానన్న వ్యక్తి అడ్వాన్సు పంపుతానంటూ క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చేయమంటున్నాడు. చేయవచ్చా?
– హుజూరాబాద్

చేయకండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. 'పంపేశాను చూడండి' అంటూ వచ్చే స్క్రీన్‌షాట్లకూ విలువ లేదు, అలాంటివి తయారుచేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే కార్డు కవరులో పెట్టండి, పెట్టేటప్పుడు వీడియో తీయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఈ కాలమ్‌కు రాస్తూ సమయం వృథా చేయకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు దాటి వెళ్లిపోతుంది.

ఫోనుతో తీసిన ఫొటోలు బాగా లేవని కొనేవాళ్లు అంటున్నారు. స్కానర్ కొనాలా? ఇంట్లో ఉన్న ప్రింటర్ స్కానర్‌తో ప్లాస్టిక్ కేసులో ఉన్న కార్డు పెడితే మసకగా వస్తోంది.
– కరీంనగర్

మీ ప్రింటర్ చెడిపోలేదు. ప్రింటర్లతో కలిసి వచ్చే స్కానర్లు, సన్నగా ఉండే చౌక ఫ్లాట్‌బెడ్‌లు చాలావరకు సీఐఎస్ సెన్సర్ రకం. అద్దానికి ఆనుకుని ఉన్న కాగితాన్ని అవి చక్కగా చదువుతాయి. కేసు మందం వల్ల కార్డు అద్దానికి కాస్త ఎత్తులో ఉంటే చాలు, మసక వచ్చేస్తుంది. కేసులో ఉన్నవాటికి సీసీడీ రకం కావాలి, అది బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. 20 కార్డులు అమ్ముకోవడానికి దాన్ని కొనడం దండగ.

కేసు లేని కార్డులకు ఉన్న స్కానరే సరిపోతుంది. అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. కార్డు కొలత 63 × 88 మిల్లీమీటర్లు కనుక సుమారు 1,490 × 2,080 పిక్సెళ్ల చిత్రం వస్తుంది, మూలలు పెద్దవి చేసి చూడడానికి అది చాలు. దుమ్ము, గీతలు తొలగించే ఆప్షన్, ఆటోమేటిక్‌గా రంగులు సరిచేసే ఆప్షన్ రెండూ ఆపేయండి. నిజంగా ఉన్న గీతను సాఫ్ట్‌వేర్ చెరిపేస్తే కొన్నవాడు మిమ్మల్నే తిడతాడు. ఉపరితలం గీతలు స్కాన్‌లో సరిగా రావు, వాటికి కార్డును కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచుతూ చిన్న వీడియో తీయండి. ఫోనుతోనే ఫొటో తీయాలంటే దగ్గరికి పెట్టకుండా అడుగు దూరంలో ఉంచి 2ఎక్స్ జూమ్ వాడండి. మరీ దగ్గరగా తీస్తే అంచులు వంకర పోతాయి.

నా దగ్గర ఉన్న కార్డులను అమెరికా పంపి గ్రేడింగ్ చేయిస్తే లాభమా? గ్రేడింగ్ చేసినవి ఇక్కడే కొంటే అసలువని ఎలా తెలుస్తుంది?
– మంచిర్యాల

గ్రేడింగ్ అంటే కార్డు అసలుదో కాదో చూసి, స్థితికి 1 నుంచి 10 వరకు మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ కేసులో మూసి ఇవ్వడం. ఈ పని చేసే సంస్థల్లో 1991లో మొదలైన పీఎస్‌ఏ అందరికీ తెలిసిన పేరు. ఫీజు, రానుపోను రవాణా, బీమా, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ కాగితాలు అన్నీ కలిపి ముందే లెక్క వేయండి. ఆ మొత్తాన్ని కార్డు మామూలు ధరకు కలిపితే, మార్కు 8 వచ్చినా గిట్టుబాటు అయ్యేలా ఉందా? 10 వస్తేనే లాభం అనిపిస్తే ఆగిపోండి. 10 రావాలంటే ముందువైపు రెండు పక్కల అంచుల నిష్పత్తి సుమారు 55:45 దాటకూడదు. స్కాన్ చేసిన చిత్రంలో ఎడమ అంచు 2 మిల్లీమీటర్లు, కుడి అంచు 3 మిల్లీమీటర్లు వస్తే అది 40:60. అంటే 10 రాదు, కొరియర్ ఖర్చు మిగిలింది. ఫొటో తీస్తే గ్రేడ్ చెబుతామనే ఏఐ యాప్‌లు ఈ అంచుల కొలత వరకే పనికొస్తాయి.

కొనేటప్పుడు కేసు మీది సంఖ్యను గ్రేడింగ్ సంస్థ సైట్‌లో కొట్టి చూడాలి. సంఖ్య దొరికిందని సంబరపడవద్దు, మోసగాళ్లు అసలు కార్డు సంఖ్యనే నకిలీ కేసు మీద అచ్చేస్తారు. సైట్‌లో ఫొటో ఉంటే అందులోని మచ్చలు, అంచులు మీ చేతిలో ఉన్నదానితో పోల్చండి. డబ్బున్నవాళ్లకూ ఇది తప్పలేదు. అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ 35 లక్షల డాలర్లు పెట్టి కొన్న 'తొలి ముద్రణ' పోకెమాన్ పెట్టెలను 2022 జనవరిలో విప్పితే, లోపల ఉన్నవి జీఐ జో అనే సైనికుల బొమ్మల కార్డులు. ఆ పెట్టెలు అసలువేనని అప్పటికే ధ్రువీకరణ కూడా అయి ఉంది.

బట్టల వ్యాపారం చేస్తాను. ఒక లక్ష పెట్టి సీలు విప్పని పోకెమాన్ పెట్టెలు కొని పదేళ్లు దాచితే ఎఫ్‌డీ కంటే మేలని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– మట్టెవాడ, వరంగల్

మీ అబ్బాయి చూసిన వీడియోల్లో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ పేరు వినే ఉంటారు. టాప్స్ సంస్థ 1952లో అచ్చేసిన అతని కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఆ ధర వెనక ఉన్న కథ మాత్రం వీడియోల్లో తక్కువ వినిపిస్తుంది. ఆ ఏడాది అమ్ముడుపోని కార్డులను కొన్నేళ్ల తర్వాత పడవలో తీసుకెళ్లి సముద్రంలో పారేశామని టాప్స్ సంస్థ మనిషే చెప్పాడు. మిగిలినవి తక్కువ కనుకే ఆ ధర. 1980ల చివర, 90ల మొదట్లో అమెరికాలో జనం అవే బేస్‌బాల్ కార్డులను పెట్టుబడిగా పెట్టెలకొద్దీ దాచారు, కంపెనీలూ అడిగినన్ని అచ్చేశాయి. వాటిలో చాలావాటికి ఈనాటికీ కొన్న ధర రాదు.

ఇప్పుడు పోకెమాన్ సంగతి చూడండి. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు అచ్చయిన కార్డులు సుమారు 1,190 కోట్లు. వీటిని కొన్నవాళ్లలో మీ అబ్బాయిలాగే దాచుకునేవాళ్లు తక్కువేమీ లేరు. పైగా విదేశాల నుంచి తెప్పిస్తే సుంకం సరుకు ధర మీదే కాక రవాణా, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. అంటే మొదటి రోజే నష్టంతో మొదలు. పదేళ్ల తర్వాత ఆ పెట్టె కొనే మనిషి వరంగల్‌లో దొరకాలి, అది విప్పి మళ్లీ సీలు వేసిన పెట్టె కాదని అతను నమ్మాలి. మీరు బట్టల వ్యాపారి, నిల్వ సరుకు సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. లక్ష వద్దు. అబ్బాయికి ఇష్టమైతే పోయినా బాధ లేనంత డబ్బుతో కొననివ్వండి, బిల్లులు దాచమనండి, ప్రతి కొనుగోలూ తేదీతో, ఖర్చులతో ఒక ఎక్సెల్ షీటులో రాయించండి. ఏడాది తర్వాత దానిలో ఒక్క పెట్టె అమ్మి చూపించమనండి.

2022లో ఒక యాప్‌లో డిజిటల్ క్రికెట్ కార్డులు (ఎన్‌ఎఫ్‌టీ) 25 వేలకు కొన్నాను. ఇప్పుడు కొనేవారు లేరు. ఈ నష్టాన్ని షేర్ల లాభంలో సర్దుకోవచ్చా?
– జగిత్యాల

వీల్లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, సెస్ అదనం. నష్టం వస్తే మాత్రం దాన్ని ఏ లాభంలోంచీ తీసివేయనివ్వరు, మరుసటి ఏడాదికీ మోయనివ్వరు. అమ్మితే 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. మీరు చేయగలిగింది ఒకటే: ఆ టోకెన్లను, అంటే మీ డిజిటల్ కార్డులను, యాప్‌తో సంబంధం లేని సొంత క్రిప్టో వ్యాలెట్‌లోకి మార్చుకునే సౌకర్యం యాప్‌లో ఉందేమో చూడండి. ఉంటే మార్చుకోండి. లేకపోతే ఆ కంపెనీ సర్వర్ నడిచినంత కాలమే మీ కార్డులు ఉంటాయి.

మెరుపు కార్డులన్నీ వానాకాలంలో వంగిపోతున్నాయి. ఏదైనా పరికరం ఉందా?
– గోదావరిఖని

మెరుపు పొర తేమను పీల్చుకోదు, దాని కింది అట్ట పీల్చుకుని ఉబ్బుతుంది, అందుకే వంపు. డీహ్యూమిడిఫయర్ కొనకండి, కరెంటు బిల్లు కార్డుల విలువను మింగేస్తుంది. గాలి చొరబడని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న డిజిటల్ తేమమీటరు చాలు. మీటరులో 40 నుంచి 50 శాతం మధ్య నిలబడేలా చూడండి. మరీ ఎండబెడితే ఎదురువైపు వంగుతాయి. మూత బిగుతుగా ఉంటే బొగ్గు దుమ్ము బెడద కూడా తగ్గుతుంది. ఘాటు ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ కవర్లు తీసేసి పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి.

మా బాబు ఫోనులో పోకెమాన్ టీసీజీ పాకెట్ ఆటలో ప్యాకెట్లు విప్పుతూ నా ఖాతా నుంచి డబ్బు ఖర్చు చేశాడు. ఆ కార్డులు అమ్మితే తిరిగి వస్తుందంటున్నాడు.
– కాజీపేట

రాదమ్మా. 2024 అక్టోబరులో వచ్చిన ఆ ఆటలో కార్డులు ఆట లోపలే ఉంటాయి. వేరే ఆటగాళ్లతో పరిమితంగా మార్చుకోవచ్చు, డబ్బుకు అమ్ముకునే మార్గం లేదు. ఖాతాకు ఖాతానే అమ్మడం ఆట నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే ఖాతా పోతుంది. ఆండ్రాయిడ్ ఫోను అయితే ప్లే స్టోర్ సెట్టింగుల్లోకి వెళ్లి, ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా మార్చండి. వేలిముద్రతో సరిపెట్టకండి, బాబు వేలిముద్ర కూడా ఆ ఫోనులో నమోదై ఉండవచ్చు. ఖర్చు ఈ రెండు రోజుల్లోనే జరిగి ఉంటే ప్లే స్టోర్‌లోని ఆర్డర్ల జాబితా తెరిచి, దాని నుంచే రీఫండ్ కోసం ఈ రాత్రికే దరఖాస్తు పెట్టండి.