సొంత వాక్యం రాయకుండా దీర్ఘకవిత సాధ్యమా?

కేవలం మ్యూజియం శీర్షికలతో కవిత అల్లవచ్చా అంటే, అల్లవచ్చు. అమెరికా కవయిత్రి రాబిన్ కోస్ట్ లూయిస్ అదే చేశారు. 2015లో వచ్చిన ‘వాయేజ్ ఆఫ్ ది సేబుల్ వీనస్’ సంపుటికి ఆ ఏడాదే నేషనల్ బుక్ అవార్డు దక్కింది.

ఆ పేరు (‘నల్ల వీనస్ ప్రయాణం’ అని అర్థం) ఇంగ్లండ్ చిత్రకారుడు థామస్ స్టోథార్డ్ 18వ శతాబ్దం చివర గీసిన బొమ్మది. అంగోలా నుంచి వెస్టిండీస్‌కు తరలుతున్న నల్లజాతి స్త్రీని ఆల్చిప్పపై ఊరేగే దేవతగా చూపి, బానిస ఓడల ఘోరాన్ని అందంతో కప్పేసిన బొమ్మ.

నల్లజాతి స్త్రీ రూపం ఉన్న కళాఖండాల శీర్షికలు, కేటలాగ్ వివరణలే సంపుటికి పేరిచ్చిన దీర్ఘకవితలో పాదాలు. చెంచాలు, దువ్వెనలు, బల్లకాళ్లలో కూడా ఆ దేహమే. మాటలు మార్చకూడదు, విరామచిహ్నాలు తీసేయవచ్చు అన్నది ఆమె పెట్టుకున్న నియమం. మ్యూజియంలు మర్యాదకోసం ‘బానిస’ను ‘ఆఫ్రికన్-అమెరికన్’గా దిద్దిన చోట మాత్రం పాత మాటనే తిరిగి నిలిపారు. నా దృష్టిలో కవిత ప్రాణం ఇక్కడే ఉంది: దిద్దితే నేరం ఆనవాలు కూడా పోతుంది కదా!