చిన్న సర్వరులో డెస్క్‌టాప్ ఎక్కించబోయే చిన్నోడికి

ఒంగోలు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

కావలి ఎరువుల కొట్టులోకి పాత హెచ్‌పీ ప్రోలయంట్ మైక్రోసర్వర్ జెన్8 అనే చిన్న సర్వరు కొన్నావని, దాంట్లో మామూలు కంప్యూటర్‌లాగా లినక్స్ వేసి బిల్లులు, టైపింగు, ఫైళ్ళు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే నడపాలని రాశావు. పెట్టె మంచిదే. 2013 కాలం నాటిదైనా గట్టి సరుకు, నాలుగు పెద్ద డిస్కులు పడతాయి, కరెంటు పెద్దగా తినదు. అయితే ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. అంతకుముందే తేల్చుకోవాల్సింది ఏందంటే, ఈ పెట్టె ఏ డిస్కు నుంచి లేవాలి, అంటే బూట్ కావాలి అనేది. అది తేల్చకుండా డిస్కులు బిగించావా, ఇన్‌స్టాలర్ అంతా సవ్యంగా ముగిసి, రీస్టార్ట్ కాగానే నల్లటి తెర మీద కర్సర్ ఒక్కటే మిటకరిస్తా కూర్చుంటుంది.

దానికంటే ముందు ఇంకో మాట. నీ లెక్కలు ట్యాలీలో ఉంటే ఈ పని మొదలుపెట్టనే వద్దు, అది విండోస్ సరుకు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు గానీ, యూఈఎఫ్ఐ అనే కొత్తరకం బూట్ పద్ధతి గానీ ఈ బోర్డులో లేవు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. లెక్కలు లిబ్రే ఆఫీస్‌లోనో, బ్రౌజర్‌లో తెరిచే బిల్లింగులోనో ఉంటే చింత లేదు. ప్రింటర్ ఏదో కూడా చూసుకో. హెచ్‌పీ లేజర్లు చాలావరకు పనిచేస్తాయి. మన డీటీపీ కొట్లలో వాడకంలో ఉన్న కెనాన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో మొండిది, దాని డ్రైవరు ఒక పట్టాన కుదరదు.

ఇక పెట్టె తెరువు. సెకండ్‌హ్యాండ్ సరుకు కాబట్టి మొదట మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చెయ్. పాతది చచ్చిపోయి ఉంటే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్ ప్రతి సైటునీ ప్రమాదకరమంటుంది, అప్‌డేట్లు రావు, నువ్వేమో నెట్ పాడైందనుకుని కేబులువాణ్ణి పిలుస్తావు. ర్యామ్ స్లాట్లు రెండే, మొత్తం 16 జీబీ దాటదు. ర్యామ్ కొనేటప్పుడు స్టిక్కర్ మీద పీసీ3 నంబరు చివర అక్షరం చూడు. ‘ఈ’ అని ఉంటే దీనికి పనికొచ్చే ఈసీసీ అన్‌బఫర్డ్. ‘ఆర్’ అని ఉంటే పెద్ద సర్వర్లకు వేసే రిజిస్టర్డ్ రకం, దాంతో ఇది లేవదు. ఆ ‘ఆర్’ రకమే చవగ్గా దొరుకుతుంది, ఆశపడొద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉన్న పెట్టె కాబట్టి ర్యామ్ కాళ్ళ మీద పచ్చగానో నల్లగానో మరక ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చి పెట్టు. రబ్బరుతో రుద్దే అలవాటుంటే మానుకో, ఆ పొట్టు స్లాటులో పడుతుంది.

స్విచ్ వేశాక తెర మీద ఏమన్నా రావడానికి మామూలు పీసీకంటే చాలాసేపు పడుతుంది. గమ్మున ఉండు, మధ్యలో ఆపొద్దు. ఎఫ్9 కొడితే సెట్టింగులు, ఎఫ్11 కొడితే ఏ దాని నుంచి లేవాలో అడిగే పట్టీ, ఎఫ్8 కొడితే ఐఎల్‌ఓ (పెట్టెను దూరం నుంచి చూసుకునే ఏర్పాటు) సెట్టింగులు. పాత యజమాని పెట్టిన ఐఎల్‌ఓ పాస్‌వర్డు నీకు తెలియదు కదా, ఈ ఎఫ్8 లోపలికి పోయి యూజర్ పాస్‌వర్డు కొత్తది పెట్టేసుకో.

ఎఫ్9లో సిస్టమ్ ఆప్షన్స్, అందులో సాటా కంట్రోలర్ ఆప్షన్స్. సాటా అంటే డిస్కులు తగిలే దారి. అక్కడ మామూలుగా బీ120ఐ అనే రెయిడ్, అంటే డిస్కులను కలిపి వాడే పద్ధతి, పెట్టి ఉంటుంది. పేరు చూసి మురిసిపోవద్దు. అది సాఫ్ట్‌వేర్ మీద నడిచే రెయిడ్, కంపెనీ ఇచ్చిన ప్రత్యేక డ్రైవరు లేకుండా లినక్స్‌కు సరిగా అర్థం కాదు. దాన్ని ఏహెచ్‌సీఐకి, అంటే ప్రతి డిస్కూ విడివిడిగా కనబడే మామూలు పద్ధతికి మార్చు. డిస్కుల్లోని సమాచారం పోవచ్చని హెచ్చరిస్తుంది. పాత డిస్కుల్లో పనికొచ్చేవి ఏమన్నా ఉంటే ముందే వేరే చోటికి తీసిపెట్టుకో. ఏహెచ్‌సీఐ పెట్టాక ఫ్యాను కాస్త గట్టిగా తిరుగుతుంది. ఈ మోడల్ తీరే అంత, చెడిపోయిందనుకోకు.

ఇప్పుడు అసలు ముడి. ఏహెచ్‌సీఐలో ఉన్నప్పుడు ఈ బయోస్‌కు (పెట్టె లేచేటప్పుడు ముందు నడిచే ప్రోగ్రాం) ‘ఫలానా సాటా డిస్కు నుంచి లేవు’ అని చెప్పే దారి లేదు. అది వరసలో మొదట కనబడే డిస్కునే పట్టుకుంటుంది. ముందువైపు డిస్కులు దోపే అరలు, అంటే బేలు, నాలుగూ 1 నుంచి 4, పైన సీడీ డ్రైవు పెట్టే చోటు అయిదో పోర్టు. అందరికీ తట్టే ఆలోచన ఏందంటే, నాలుగు బేలలో పెద్ద డిస్కులు, పైన ఖాళీలో చిన్న ఎస్‌ఎస్‌డీ. బేలు ఖాళీగా ఉన్నంతవరకు అయిదో పోర్టు నుంచి చక్కగా లేస్తుంది. ఒక్క డేటా డిస్కు దోపగానే బయోస్ దాని దగ్గరికి పోయి, అక్కడ ఏమీ లేక ఆగిపోతుంది.

నా మాట విని ఎస్‌ఎస్‌డీని 1వ నంబరు బేలోనే పెట్టు. ఒక డిస్కు చోటు పోతుంది, పోనీ. ఎరువుల కొట్టు ఫైళ్ళకు మూడు డిస్కులు చాలకపోవడం ఏంది? పైగా 1, 2 బేలు 6 గిగాబిట్ల వేగం, తక్కినవన్నీ 3 గిగాబిట్లే. రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీని మూడున్నర బేలో కూర్చోబెట్టడానికి అడాప్టర్ ట్రే కావాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. చవక ప్లాస్టిక్ ట్రేలు ఎస్‌ఎస్‌డీని మధ్యలో పట్టుకుంటాయి, సాటా మూతి వెనక సాకెట్టుకు ఎదురుపడదు. మూతి సరిగ్గా పెద్ద డిస్కుకు ఉండే చోటే వచ్చే ట్రే అడిగి తీసుకో. కొట్లో ఒక పెద్ద డిస్కు పక్కన పెట్టి పోల్చి చూసుకో. ఈ బేలు నడుస్తుండగా లాగేవి కావు, కరెంటు ఆపాకే తియ్యి, ఆపాకే పెట్టు.

నాలుగు బేలూ నాకు కావాల్సిందే అని పట్టుబడితే ఇంకో దారి లేకపోలేదు. ఎస్‌ఎస్‌డీ పైనే ఉంచి, బోర్డు మీద లోపలి యూఎస్‌బీలో చిన్న పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ విభాగం, లినక్స్‌ను లేపే గ్రబ్ ప్రోగ్రాం రెండూ దాని మీద వేసి, ఎఫ్9లో యూఎస్‌బీని ముందు వరసకు తేవాలి. పైన కరెంటు కోసం ఫ్లాపీ డ్రైవుకు ఉండే నాలుగు పిన్నుల చిన్న మూతి వస్తుంది, దాన్ని సాటా పవరుగా మార్చే తీగ కూడా కొనాలి. కుదిరే పనే, కానీ ఆ పెన్‌డ్రైవ్ చచ్చిన రోజు పెట్టె మొత్తం మూగబోతుంది.

లినక్స్‌లో మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ ఉన్న రకం తీసుకో. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, ఇంత బలహీనమైన గ్రాఫిక్సు మీద కూడా కదులుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దాని మీద మింట్‌ను రూఫస్ అనే ప్రోగ్రాంతో రాసేటప్పుడు ఎంబీఆర్ (డిస్కు విభాగాల పాతరకం పట్టిక), బయోస్ అని ఎంచు. దీనికి యూఈఎఫ్ఐ లేదని చెప్పాను కదా. పెన్‌డ్రైవ్‌ను ముందువైపు యూఎస్‌బీలో పెట్టు, అవి 2.0 రకం, బూట్‌కు పేచీ పెట్టవు. ఎఫ్11తో లేపి మొదటి వరస ఎంచు. తెర నల్లబడినా, గీతలు వచ్చినా మళ్ళీ లేపి ‘కంపాటిబిలిటీ మోడ్’ ఎంచుకో.

ఇన్‌స్టాల్ చేసే ముందు డేటా డిస్కులన్నీ బయటికి తీసేయ్. ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్, రెండే ఉండాలి. అప్పుడు తప్పు చేద్దామన్నా వీలుండదు. అయినా ఒకటి చూడాలి: చేతితో విభజించే పేజీలో అట్టడుగున ‘బూట్ లోడర్ ఎక్కడ వెయ్యాలి’ అని చిన్న గడి ఉంటుంది. ఎవరూ దానివైపు చూడరు. ఒక్కోసారి అక్కడ పెన్‌డ్రైవ్ పేరే వచ్చి ఉంటుంది. అలాగే వదిలేస్తే పెన్‌డ్రైవ్ ఉన్నంతసేపు లేస్తుంది, తీస్తే లేవదు. పేర్లను బట్టి కాకుండా సైజును బట్టి పోల్చుకో. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ లినక్స్‌లో కొన్నిచోట్ల సుమారు 223 అని కనబడుతుంది, మోసమేం కాదు, లెక్కించే పద్ధతి వేరు. అంత చిన్నదానికి ఎంబీఆర్ పట్టిక, ఒకే ఎక్స్‌టీ4 విభాగం చాలు. జీపీటీ అనే కొత్తరకం పట్టికే వేస్తానంటే మొదట 1 ఎంబీ ‘బయోస్ బూట్’ విభాగం ఫార్మాట్ లేకుండా వదలాలి, లేకుంటే గ్రబ్ కూర్చోదు.

అంతా లేచి నడిచాకే డేటా డిస్కులు పెట్టు. 2 టీబీ దాటినవాటికి జీపీటీ తప్పదు. వాటిని ఎఫ్‌స్టాబ్‌లో (లేచేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైలు) రాసేటప్పుడు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో రాయొద్దు, డిస్కు మార్చినప్పుడు అవి తారుమారవుతాయి. యూయూఐడీతో, అంటే డిస్కు విభాగానికి ఉండే గుర్తింపు సంఖ్యతో రాసి, పక్కన ‘నోఫెయిల్’ అనే మాట చేర్చు. ఆ మాట లేకపోతే ఏదో ఒకనాడు ఒక డిస్కు పలక్కపోయినా కంప్యూటర్ మొత్తం ఎమర్జెన్సీ తెర దగ్గర ఆగిపోతుంది, కొట్టు ముందు రైతులు నిలబడి ఉంటారు. డిస్కు కనబడుతున్నా అందులో రాయనీయకపోతే కంగారు లేదు, కొత్త విభాగం రూట్ (సిస్టమ్ అధికారి) పేరున ఉంటుంది, యజమానిని నీ పేరుకు మార్చాలి, అంతే.

తెర సంగతి. బోర్డు మీదున్నది మ్యాట్రాక్స్ జీ200 చిప్పు, 16 ఎంబీ. సర్వరు గదిలో అక్షరాలు చూపించడానికి పెట్టింది. త్రీడీ లేదు, కిటికీలు కదిపే పని కూడా ప్రాసెసరే చెయ్యాలి. విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ (కిటికీల నీడలు, మెరుగులు చూపేది) ఆపేస్తే రోంత తేలిక పడుతుంది. బిల్లులు, ఉత్తరాలవరకు ఓపిక పట్టొచ్చు, వీడియోలు మాత్రం ఎగుడుదిగుడుగా ఆడతాయి. దానికి మందు ఫ్యాన్ లేని, పొట్టి బ్రాకెట్ ఉన్న, ఒకే స్లాటు మందం జీటీ 710 లాంటి గ్రాఫిక్స్ కార్డు. అది 19 వాట్లే తింటుంది. ఈ పెట్టె పవర్ సప్లై మొత్తం 150 వాట్లు, పక్కన తీగ తగిలించే పెద్ద కార్డుల జోలికి పోకు. కార్డు పెట్టాక ఎఫ్9 వీడియో ఆప్షన్లలో దాన్ని ముఖ్యమైనదిగా పెట్టాలి. బోర్డు వీడియోను పూర్తిగా ఆపేస్తే ఐఎల్‌ఓ నుంచి తెర చూడలేవు, అది తెలిసే ఆపు.

కార్డు లేకుండా వాడితే వెనక ఉన్నది వీజీఏ ఒక్కటే. కొత్త మానిటరుకు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి’ మార్చే డబ్బీ, యూఎస్‌బీతో కరెంటు తీసుకునేది కొనాలి. నెల్లూరు ట్రంకు రోడ్డు కొట్లలో అడిగినా చేతికిచ్చేది ఎక్కువగా ‘హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి’ రకం. అది తిరగేస్తే పనిచేయదు. శబ్దం బోర్డులో అసలే లేదు, యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ పెట్టుకో, లేదా కార్డు హెచ్‌డీఎంఐ ద్వారా మానిటర్ స్పీకర్లు. వైఫై కూడా లేదు.

నెట్ తీగకు వెనక మూడు రంధ్రాలుంటాయి. విడిగా, ఐఎల్‌ఓ అని రాసి ఉన్నదాంట్లో పెడితే దీపాలు వెలుగుతాయి, లినక్స్‌లో నెట్ మాత్రం రాదు. అది యంత్రాన్ని దూరం నుంచి చూసుకునే దారి. మిగతా రెండింట్లో ఏదైనా సరే. ఐఎల్‌ఓ ఫర్మ్‌వేర్‌ను 2.70 దాటించుకుంటే మామూలు బ్రౌజర్‌లోనే తెర కనబడుతుంది. లైసెన్సు లేకపోతే బయోస్ దాటి సిస్టమ్ లేచేదాకానే చూపిస్తుంది, మనకు అదే చాలు.

పవర్ సెట్టింగుల్లో సస్పెండ్ పూర్తిగా ఆపెయ్. నిద్రపోయిన సర్వరు లేవక, బటన్ పట్టి నొక్కి చంపితే ఫైళ్ళు దెబ్బతింటాయి. ఎఫ్9లో ‘ఆటోమేటిక్ పవర్ ఆన్’ దగ్గర పాత స్థితికి రమ్మని పెట్టు, కరెంటు వచ్చాక తనంతట తాను లేస్తుంది. 600 వీఏ యూపీఎస్ పెట్టెకు, మానిటరుకు, రూటరుకు సరిపోతుంది. లేజర్ ప్రింటరును మాత్రం దాని మీద వేయకు, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగి యూపీఎస్‌ను పడగొడుతుంది. ఈ పెట్టెకు కంపెనీ చెప్పిన గాలి వేడి 35 డిగ్రీల లోపు. రోహిణీ కార్తెలో మన కొట్టు లోపలే అంతకు మించుతుంది. గోడ గూటిలోనో, ఇనప బీరువాలోనో పెట్టొద్దు. గాలి ముందు నుంచి పీల్చి వెనక్కి వదులుతుంది, వెనక జానెడు ఖాళీ ఉంచు, ఎరువుల బస్తాల దుమ్ముకు దూరంగా ఎత్తులో పెట్టు. యూరియా దుమ్ము చెమ్మ పీలుస్తుంది, బోర్డు మీద పడితే తుప్పే.

తెలుగు టైపింగు విషయం: అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్ళు ఇక్కడ అర్థంలేని అక్షరాల్లా కనబడతాయి, వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. భాష మార్చి టైపు చేయించే ఐబస్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు రెండూ దొరుకుతాయి. పోతన, వేమన ఫాంట్లు విడిగా ప్యాకేజీగా ఉన్నాయి, అవీ వేసుకో.

ఎక్కడన్నా ఆగిపోతే ‘పనిచేయట్లేదు పెదనాన్నా’ అని మాత్రం రాయకు. ఏ బేలో ఏ డిస్కు ఉంది, ఎఫ్9లో సాటా ఏ స్థితిలో ఉంది, తెర మీద చివరి రెండు వరసలు ఏమని ఉన్నాయి, ఈ మూడూ ఫోటోలు తీసి పంపు. అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు
మీ పెదనాన్న