హారర్ గేమ్ ఆడుతుంటే గుండెదడ, వికారం.. ప్రమాదమా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. రోజూ రాత్రి లైట్లు ఆర్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెసిడెంట్ ఈవిల్ 7 ఆడుతున్నాను. గోడల మీద తేమ మరకలు కూడా నిజమైనవిగానే అనిపిస్తాయి. ఒక్కో తలుపు తీయాలంటే గుండె దడదడలాడి, అరచేతులకు చెమట పడుతోంది. అరగంట దాటితే కడుపులో తిప్పుతోంది. తర్వాత నిద్ర పట్టడం లేదు. హారర్ సినిమాలు చూసినప్పుడు ఎన్నడూ ఇలా లేదు. గుండె పరీక్షలు అవసరమా? ఆడే ముందు గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోమని స్నేహితుడు చెబుతున్నాడు. వేసుకోవచ్చా?

జవాబు: సినిమాతో పోల్చి మీరు మంచి పని చేశారు. అసలు విషయం అక్కడే ఉంది. సినిమాలో తలుపు తీసేది పాత్ర. మీరు కళ్లు మూసుకున్నా కథ ఆగదు. ఆటలో మీ వేలు కదిలితేనే తలుపు కదులుతుంది. పైగా ఈ ఆటలో తలుపు ముందు సందు మాత్రమే ఇస్తుంది, మీరు అడుగు ముందుకు వేస్తేనే పూర్తిగా తెరుచుకుంటుంది. లోపల ఏముందో తెలియకుండా మీ అంతట మీరే వెళ్లాలి. ఆ ఎదురుచూపులోనే శరీరం ఎక్కువగా బిగుసుకుంటుంది.

దీనికి తోడు వాస్తవికత. నిజమైన వస్తువులను అనేక కోణాల్లో ఫొటోలు తీసి, వాటి నుంచి త్రీడీ రూపాలు తయారుచేసే ఫొటోగ్రామెట్రీ పద్ధతిని ఈ ఆటకు వాడారు. ‘ఇది బొమ్మే’ అని మీకు తెలుసు. కానీ మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా ఆ తీర్పు వచ్చేదాకా ఆగదు. వెంటనే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. ఆట ఆపిన కాసేపటికి దడ తగ్గిపోతుంటే మీ శరీరం తన పని సరిగ్గానే చేస్తోందని అర్థం.

అయితే కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పినట్టు అనిపించడం ఉన్నా, రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించినా ఆట ఆపేసి ఈసీజీ తీయించుకోండి. లాంగ్ క్యూటీ అనే పుట్టుకతో వచ్చే లోపం ఉన్న కొందరిలో హఠాత్తుగా వినిపించే పెద్ద శబ్దం కూడా గుండె లయను ప్రమాదకరంగా దెబ్బతీస్తుంది. ఇది అరుదే, కానీ నిర్లక్ష్యం చేయదగింది కాదు. ఆడని వేళల్లోనూ దడ వస్తుంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించాలి.

వికారానికి భయంతో పెద్దగా సంబంధం లేదు. 2017లో వచ్చిన ఈ ఆట, ఆ వరుసలోని ప్రధాన ఆటల్లో మొదటిసారిగా అంతా పాత్ర కళ్లలోంచే చూపించింది. మీరు నడుస్తున్నారని కళ్లు చెబుతాయి, కూర్చునే ఉన్నారని లోపలి చెవి చెబుతుంది. ఆ పొంతన కుదరకే కడుపులో తిప్పుతుంది. సెట్టింగుల్లో కెమెరా ఊగడాన్ని, కదిలేటప్పుడు దృశ్యాన్ని మసకబార్చే మోషన్ బ్లర్‌ను ఆపేయండి. వీలుంటే తెర మీద ఒకేసారి కనిపించే దృశ్య విస్తీర్ణం (ఫీల్డ్ ఆఫ్ వ్యూ) పెంచండి. గదిలో ఒక దీపం వెలగనివ్వండి, తెరకు కాస్త దూరంగా కూర్చోండి. వికారం మొదలవగానే ఆపేయాలి. ఓర్చుకుని ఆడితే అది గంటల తరబడి వదలదు. కళ్లకు పెట్టుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ జోలికి ఇప్పట్లో వెళ్లకండి.

నన్ను నిజంగా ఆలోచింపజేస్తున్నది మీ నిద్ర. అంతగా ఉలిక్కిపడిన శరీరం పడక మీద వాలగానే శాంతించదు. ఆటను సాయంత్రానికి మార్చుకోండి. పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందే ముగించండి. ఆ తర్వాత కాఫీ కూడా వద్దు. రెండు మూడు వారాలు ఇలా చేసినా నిద్ర కుదుటపడకపోతే కారణం ఆట ఒక్కటే కాకపోవచ్చు. అప్పుడు వైద్యుడిని కలవండి.

ఇక ప్రొప్రనలాల్ మాత్రం వద్దు. భయం కోసమే ఆడే ఆటకు భయం తెలియకుండా మందు వేసుకోవడంలో అర్థమే లేదు. ఆస్తమా ఉన్నవారిలో ఈ మాత్ర శ్వాసనాళాలను బిగించేస్తుంది. రక్తపోటును, గుండె వేగాన్ని ప్రమాదకరంగా తగ్గించవచ్చు కూడా. ఇప్పటికే ఒకటి రెండు మాత్రలు వేసుకుని ఉంటే ఇక మానేయండి. వారాల తరబడి రోజూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి. వైద్యుడి పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ మానాలి.