సర్వర్ మారితే పోస్టులు వెంట వస్తాయా?

ప్రశ్న: మాస్టొడాన్‌కు యజమాని అంటూ ఎవరూ లేరంటే చేరాను. మూడు నెలలకే నా ఖాతాను సస్పెండ్ చేశారు. ఎవరికి చెప్పుకోవాలి? – ఒక పాఠకుడు, తెనాలి

మాస్టొడాన్ అంటే వేర్వేరు మనుషులు నడిపే సర్వర్లు కలిసిన సోషల్ మీడియా, కాబట్టి మొత్తానికి యజమాని లేని మాట నిజమే. మీరు చేరిన సర్వర్‌కు మాత్రం ఉన్నాడు. మీ చిరునామాలో రెండో @ తర్వాత కనిపించేదే ఆ సర్వర్ పేరు. నిర్వాహకుడెవరో, నియమాలేమిటో దాని పరిచయం పేజీలో ఉంటాయి. మిమ్మల్ని తీసేసింది ఆయనో, పోస్టులు చూసి చర్య తీసుకోవడానికి ఆయన పెట్టుకున్న మోడరేటరో. సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థకు మొరపెట్టుకుని లాభం లేదు. తను నడిపే సర్వర్ల మీద తప్ప దానికి అధికారం లేదు.

చర్య తీసుకున్న 20 రోజుల్లోగా అప్పీల్ పెట్టుకోవచ్చు. అదీ ఆ సర్వర్ మోడరేటర్ల దగ్గరికే వెళ్తుంది, పైకోర్టు లేదు. అందుకే ముందు డేటా కాపాడుకోండి. సస్పెండైనా లాగిన్ అవ్వొచ్చు, దాదాపు 30 రోజులు డేటా చెరిపేయరు. సెట్టింగుల్లో ఆర్కైవ్ (మీ పోస్టులన్నీ కట్టగట్టిన ఫైలు) అడిగి దించుకున్నాకే అప్పీల్ రాయండి.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. మోడరేటర్‌కు తెలుగు రాకపోతే యంత్రానువాదమే దిక్కు. స్నేహితుణ్ణి సరదాగా "నీ పిండం పిల్లులకు పెట్టా" అంటే అనువాదంలో ఎలా తేలుతుందో ఊహించుకోండి. అదే కులం పేరుతో తిట్టిన తిట్టు మామూలు మాటలా జారిపోతుంది. అప్పీల్‌లో ఆ వాక్యం అర్థం, ఏ సందర్భంలో అన్నారు అన్నది రెండు ముక్కల్లో ఇంగ్లీషులో రాయండి.

ప్రశ్న: మా సర్వర్‌ను రెండు నెలల్లో మూసేస్తామని నోటీసు పెట్టారు. కూ మూతపడ్డప్పటిలా అన్నీ పోయినట్టేనా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

అన్నీ పోవు, అన్నీ రావు కూడా. 2024 జులైలో, ట్విట్టర్‌లాంటి మన దేశపు యాప్ కూ మూతపడ్డప్పుడు ఫాలోవర్లను వేరే చోటికి తీసుకెళ్లే దారే లేదు. మాస్టొడాన్‌లో ఫాలోవర్లు వస్తారు, పోస్టులు రావు. పాతవి ఆర్కైవ్ ఫైలుగా మీ దగ్గర దాచుకోవాల్సిందే.

ముందు కొత్త సర్వర్‌లో ఖాతా తెరవండి. అక్కడి ఖాతా సెట్టింగుల్లో, వేరే ఖాతా నుంచి మారేవాళ్ల కోసం ఉన్న చోట, మీ పాత చిరునామాను అలియాస్‌గా (ఇదీ నాదే అనే గుర్తుగా) చేర్చండి. ఆ తర్వాతే పాత ఖాతాలోకి వెళ్లి, కొత్త చిరునామా, పాస్‌వర్డ్ ఇచ్చి మారండి. వరస తప్పితే పని జరగదు, ఎందుకంటే కొత్త ఖాతా ఒప్పుకున్నట్టు రుజువు ఆ అలియాసే. మీరు ఫాలో అయ్యేవాళ్లు, బ్లాకులు, మ్యూట్లు, బుక్‌మార్కులు వాటంతటవి కదలవు. ఒక్కోదాన్నీ సీఎస్‌వీ ఫైలుగా (పట్టికలాంటి ఫైలు) దించుకుని కొత్త చోట ఎక్కించాలి.

ఆఖరి రోజు దాకా మాత్రం ఆగొద్దు. "ఈమె ఫలానా చోటికి మారింది" అని మీ ఫాలోవర్ల సర్వర్లకు చెప్పేది పాత సర్వరే. అది ఆగిపోయాక చెప్పేవాళ్లుండరు. అలాగని దొరికిన చోట దూరిపోనూ వద్దు, ఒకసారి మారితే 30 రోజుల దాకా మళ్లీ మారనివ్వదు.

కొత్త సర్వర్‌ను ఎంచుకునేటప్పుడు మాస్టొడాన్ సర్వర్ ఒడంబడికలోని (అధికారిక జాబితాలో చేరే సర్వర్లు ఒప్పుకోవాల్సినది) మూడు షరతులు అడగండి: రోజూ బ్యాకప్, అత్యవసరంలో సర్వర్‌లోకి వెళ్లగల రెండో మనిషి, మూసేముందు కనీసం మూడు నెలల నోటీసు. (మీ సర్వర్ రెండు నెలలే ఇచ్చింది చూడండి.) ఇతర సర్వర్లు దాన్ని వెలివేశాయేమో కూడా చూడాలి. 'పరిమితం' చేస్తే ఫాలో కానివాళ్లకు మీ పోస్టులు కనిపించవు, అంతే. 'సస్పెండ్' చేస్తే అటువైపు ఫాలోలన్నీ తెగిపోతాయి, నిషేధం ఎత్తేసినా తిరిగి అతుక్కోవు.

ఇదంతా తలనొప్పని చాలామంది ఆ సాఫ్ట్‌వేర్ సంస్థే నడిపే మాస్టొడాన్ డాట్ సోషల్ సర్వర్‌కే పోతారు. 2023లో అధికారిక యాప్ కూడా కొత్తవాళ్లకు అదే మొదట చూపించేలా మారింది. సుఖమే, కాదనను. కానీ తప్పించుకుందామనుకున్న ఒకే యజమాని మళ్లీ తయారవుతున్నాడు.

ప్రశ్న: బ్లూస్కైలో సొంత డొమైన్‌నే పేరుగా పెట్టుకున్నాను. ఇక ఖాతా నా చేతిలో ఉన్నట్టేనా? – ఒక పాఠకుడు, డాలస్

పేరు వరకే. బ్లూస్కై కూడా ట్విట్టర్‌లాంటిదే. డొమైన్ మీదేనని చూపడానికి దాని సెట్టింగుల్లో టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న వాక్యం చేర్చినందువల్ల పోస్టులు కదలలేదు, బ్లూస్కై సంస్థ నడిపే డేటా సర్వర్ మీదే ఉన్నాయి. డొమైన్ గడువు తీరితే పేరు చెల్లదు గానీ ఖాతా పోదు, ఎందుకంటే అసలు గుర్తింపు 'డిఐడి' అనే పొడుగాటి కోడు. దాదాపు అందరి కోడ్లూ పీఎల్‌సీ డైరెక్టరీ అనే ఒకే చోట నమోదై ఉంటాయి. అక్కడ మీ సొంత రొటేషన్ కీని (ఆ నమోదును మార్చే అధికారమిచ్చే రహస్య తాళం) అన్నిటికంటే పైన చేర్చుకుంటే, కింది కీతో ఎవరైనా ఖాతాను మళ్లించినా 72 గంటల్లోపు వెనక్కి తిప్పొచ్చు. కీ పోగొట్టుకుంటే మాత్రం ఆ రక్షణ ఉండదు, కాబట్టి ఒక కాపీ కంప్యూటర్ బయట కూడా దాచండి.

ఇక ఎవరి ఖాతాను కనిపించకుండా దాచాలన్నదీ మీ చేతిలో లేదు. 2025 ఏప్రిల్‌లో టర్కీ అధికారులు అడిగితే బ్లూస్కై కొన్ని ఖాతాలను ఆ దేశంలో కనిపించకుండా చేసింది. తొలగించలేదు, ఆ దేశంలో చూపొద్దనే లేబుల్ తగిలించింది. అధికారిక యాప్ ఆ లేబుల్‌ను తప్పక పాటిస్తుంది, వేరే యాప్‌లు పాటించాలని లేదు. అప్పట్లో వాటిలో ఆ ఖాతాలు చాలావరకు కనిపిస్తూనే ఉన్నాయి. ఫోన్‌లో అధికారిక యాప్ ఒక్కటే ఉంటే మీకు ఆ తేడా తెలియనే తెలియదు.

ప్రశ్న: మా సాహిత్య సంఘానికి సొంత మాస్టొడాన్ సర్వర్ పెట్టాలనుంది. – ఒక పాఠకుడు, విజయనగరం

డొమైన్ పేరు ముందే గట్టిగా ఆలోచించుకోండి, తర్వాత మార్చడానికి కుదరదు. ముద్దుగా ఉందని ఏదో దేశపు డొమైన్ కొనొద్దు. 2024 ఫిబ్రవరిలో ఒక సర్వర్ వాడుకుంటున్న 'డాట్ ఏఎఫ్' పేరును అఫ్గానిస్థాన్ రద్దు చేసేసరికి అది ఆ పేరునే కోల్పోయింది. సభ్యుల యూజర్ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోలేరు, ప్రదర్శన పేరు మాత్రం పెట్టుకోవచ్చు. చేరేవాళ్లను ఆమోదించాకే చేర్చుకోండి. డిస్కు నిండేది మీవాళ్ల ఫొటోలతో కాదు, ఇతర సర్వర్ల నుంచి వచ్చిపడే ఫొటోల కాపీలతో. ఏడు రోజులు దాటినవి తీసేసేలా మొదటి రోజే సెట్ చేయండి.