బ్రిటిష్ స్కూలా, అమెరికన్ స్కూలా? తొమ్మిదో గ్రేడ్‌లో చేరేముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న ఇదీ: వచ్చే ఏడాది తొమ్మిదో గ్రేడ్, రెండు చోట్లా సీటు దొరికింది. ఒక స్కూల్లో ఐజీసీఎస్ఈ (పదహారేళ్లప్పుడు రాసే బ్రిటిష్ పరీక్షలు), ఆ తర్వాత 'ఏ లెవెల్స్' (చివరి రెండేళ్లు, అంటే ఇయర్ 12, 13లో చదివే బ్రిటిష్ కోర్సు). రెండోదాంట్లో అమెరికన్ డిప్లొమా (హైస్కూల్ సర్టిఫికెట్), ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు). డిగ్రీలో ఏం చదవాలో ఇంకా తేలలేదు.

మారడానికి ఇదే సరైన సమయం. అమెరికన్ గ్రేడ్ 9 అంటే బ్రిటిష్ లెక్కలో ఇయర్ 10. రెండేళ్ల ఐజీసీఎస్ఈ కోర్సు అక్కడే మొదలవుతుంది, కాలేజీలు చూసే అమెరికన్ ట్రాన్స్‌క్రిప్ట్ (నాలుగేళ్ల మార్కుల రికార్డు) కూడా అక్కడినుంచే. ఒక ఏడాది ఆగి ఇయర్ 11లో చేరితే సిలబస్‌లో సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇయర్ 12, 13 మధ్య మారడం ఇంకా కష్టం. ఏ లెవెల్ బోర్డు మారితే పేపర్లే మారిపోతాయి.

అసలు తేడా మార్కులు ఎక్కడ పోగవుతాయన్న దాంట్లో ఉంది. అమెరికన్ పద్ధతిలో హోంవర్క్, క్విజ్, ప్రాజెక్ట్, ల్యాబ్ రిపోర్ట్ అన్నీ గ్రేడ్‌లోకి వస్తాయి, ఆ గ్రేడ్ నాలుగేళ్లూ మీ వెంటే ఉంటుంది. ఉదాహరణకి తొమ్మిదో గ్రేడ్‌లో ఆరు సబ్జెక్టుల్లో నాలుగు 'ఏ' గ్రేడ్లు, రెండు 'సీ' గ్రేడ్లు వచ్చాయనుకోండి. ఏకి 4, సీకి 2 చొప్పున ఆ ఏడాది జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.33. తర్వాత మూడేళ్లూ అన్నీ ఏలే తెచ్చుకున్నా మొత్తం 3.83 దగ్గర ఆగుతుంది. రెండు సీలు, అదీ పద్నాలుగేళ్ల వయసులో వచ్చినవి! హానర్స్ (మామూలు కంటే కష్టమైన స్థాయి), ఏపీ క్లాసులకు చాలా స్కూళ్లు అదనపు పాయింట్ ఇస్తాయి గానీ, చాలా కాలేజీలు తమ పద్ధతిలో మళ్లీ లెక్కేసుకుంటాయి. ఆ పాయింట్‌నే నమ్ముకోవద్దు.

బ్రిటిష్ పద్ధతిలో క్లాస్ టెస్టులు ఎలా పోయినా చివరి పేపర్లే గ్రేడ్ తేలుస్తాయి. ఒక్క వారం జ్వరం వస్తే రెండేళ్ల చదువు దెబ్బతినొచ్చు. కాకపోతే గ్రేడ్ నచ్చకపోతే తర్వాతి సెషన్‌లో మళ్లీ రాయొచ్చు, ట్రాన్స్‌క్రిప్ట్‌కి ఆ వెసులుబాటు లేదు. రోజూ కొంచెం కొంచెం పని చేసేవాళ్లకు అమెరికన్, పరీక్షల ముందు గట్టిగా కూర్చోగలిగేవాళ్లకు బ్రిటిష్ నప్పుతాయి. ఈ విషయంలో మీ స్వభావం గురించి అమ్మానాన్నల కంటే మీకే బాగా తెలుసు.

బ్రిటిష్ పరీక్షల్లో అమెరికన్ స్కూల్ నుంచి వచ్చినవాళ్లు మొదట్లో తడబడేది జవాబు రాసే తీరులో. రెండు మార్కుల ప్రశ్నకు రెండు పాయింట్లు చాలు, పేరా అక్కర్లేదు. 'స్టేట్' అంటే ఒక ముక్కలో చెప్పాలి, 'ఎక్స్‌ప్లెయిన్' అంటే కారణం చెప్పాలి. మార్క్ స్కీమ్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే జవాబుల పత్రం) దగ్గర పెట్టుకుని పాత పేపర్లు చేస్తేనే ఇది అలవాటవుతుంది.

లెక్కల్లో దారి కూడా వేరు. అమెరికన్ స్కూల్లో ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్ ఒక్కోటీ ఒక్కో ఏడాది. బ్రిటిష్‌లో అన్నీ కలిపే ఏటా కొంచెం కొంచెం. సైన్స్ కూడా అంతే: అమెరికన్‌లో సాధారణంగా ఏడాదికి ఒకటి, బ్రిటిష్‌లో మూడూ సమాంతరంగా. తొమ్మిదో గ్రేడ్‌లో ఆల్జీబ్రా 1 దగ్గరే మొదలుపెడితే, మధ్యలో వేసవి కోర్సు చేయకుండా, లేదా ఒకే ఏడాది రెండు లెక్కల కోర్సులు తీసుకోకుండా పన్నెండో గ్రేడ్‌లో కాల్క్యులస్‌కి చేరలేరు. ఇంజనీరింగ్ ఆలోచన ఉంటే ప్లేస్‌మెంట్ టెస్ట్ రాసి జామెట్రీలో చేర్చమని అడగండి.

డిగ్రీ ఏదో తేలలేదన్నారు కాబట్టి దీన్ని జాగ్రత్తగా చూడాలి. ఏ లెవెల్‌లో సాధారణంగా మూడు సబ్జెక్టులే ఉంటాయి, వాటిని పదహారేళ్లకే ఎంచుకోవాలి. మ్యాథ్స్ వదిలేస్తే ఇంజనీరింగ్, పేరున్న చోట్ల ఎకనామిక్స్ పోయినట్టే. కెమిస్ట్రీ వదిలేస్తే బ్రిటన్ మెడిసిన్ చాలావరకు పోయినట్టే. ఎటూ తేలనివాళ్లు మ్యాథ్స్, కెమిస్ట్రీతో పాటు ఫిజిక్స్ గానీ బయాలజీ గానీ తీసుకుంటే ఎక్కువ దారులు తెరిచే ఉంటాయి. అమెరికన్ యూనివర్సిటీల్లో మేజర్ ఏదో సాధారణంగా రెండో ఏడాది చివరికి చెబితే సరిపోతుంది. కానీ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్‌కి చాలా చోట్ల మొదట్లోనే దరఖాస్తు చేయాలి, తర్వాత లోపలికి మారడం కష్టం. 'అక్కడ ఎప్పుడైనా మారొచ్చు' అన్న మాట సగమే నిజం.

యూనివర్సిటీ ఏ దేశంలో అన్నది కూడా తూకం వేయండి. అమెరికన్ డిప్లొమా ఒక్కటే ఉంటే బ్రిటన్‌లో పేరున్న యూనివర్సిటీలు నేరుగా డిగ్రీలోకి తీసుకోవు. సాధారణంగా కోర్సుకు సంబంధించిన ఏపీలు మూడు లేదా అంతకంటే ఎక్కువ, ఐదుకి 4 లేదా 5 స్కోర్లతో అడుగుతాయి. లేకపోతే ఫౌండేషన్ ఇయర్ పేరుతో ఒక ఏడాది, దాని ఫీజు అదనం. ఏ లెవెల్స్‌తో అమెరికా వెళ్లడం అంత ఇబ్బంది కాదు. మంచి గ్రేడ్లు వస్తే కొన్ని కాలేజీలు క్రెడిట్ కూడా ఇస్తాయి, అంటే డిగ్రీలో కొన్ని కోర్సులు అప్పటికే చేసినట్టు లెక్కేస్తాయి. అయితే గ్రేడ్ 9 నుంచి మార్కులున్న ట్రాన్స్‌క్రిప్ట్, కౌన్సెలర్ లేఖ, టీచర్ల లేఖలు కావాలి. వాటిలో అనుభవం లేని బ్రిటిష్ స్కూల్లో మీరే వెంటపడి రాయించుకోవాలి. స్కూల్ జీపీఏ ఇవ్వకపోతే సొంతంగా మార్చి రాయకండి, ఉన్న గ్రేడ్లే పంపండి. ఎంఐటీ లాంటివి అమెరికన్ ప్రవేశ పరీక్షలైన ఎస్ఏటీ లేదా ఏసీటీని మళ్లీ తప్పనిసరి చేశాయి కాబట్టి పదకొండో గ్రేడ్‌లో ఒకటి రాయాలి.

దరఖాస్తు పని కూడా వేరు. బ్రిటన్ యూనివర్సిటీలకు దరఖాస్తు చేసే యూకాస్‌లో ఐదు కోర్సులు, మెడిసిన్‌కైతే నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్‌లకు గడువు అక్టోబర్ 15. అమెరికన్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో 20 కాలేజీల వరకు పెట్టొచ్చు, చాలావాటికి విడిగా వ్యాసాలు రాయాలి.

మీ స్థానంలో నాకు ఏ దేశమో తేలకపోతే, సబ్జెక్టులేవో ఒక మాదిరిగా తెలిసి ఉంటే బ్రిటిష్ వైపు మొగ్గుతాను. సబ్జెక్టులు అసలు తేలక, అమెరికా వైపే మనసుంటే అమెరికన్. ఫీజు కట్టేముందు మాత్రం రెండు స్కూళ్లనూ రెండు కాగితాలు అడగండి: గత ఏడాది పరీక్ష రాయించిన ఏ లెవెల్ లేదా ఏపీ సబ్జెక్టుల జాబితా, వాటిలో గ్రేడ్లవారీగా ఎంతమంది. బ్రోషర్లో ఇరవై ఏపీలున్నా, పిల్లలు చాలక నడవనివి అందులో ఉండొచ్చు.