బేస్‌బాల్ సీజన్ మాటల్లో ఎలా కలవాలి? సియాటిల్ నుంచి నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: క్రికెట్ చూస్తూ పెరిగారు, ఉద్యోగం మీద కొత్తగా సియాటిల్ వచ్చారు, ఆఫీసులో భోజనాల దగ్గర అందరూ ఈ ఊరి బేస్‌బాల్ జట్టు మెరినర్స్ గురించే మాట్లాడుతుంటే ఎక్కడ అందుకోవాలో తెలియడం లేదు. నేను ఈ ఊళ్ళోనే ఉంటూ ఏళ్ళ తరబడి ఈ జట్టునే చూస్తున్నాను. నా సలహా ఏమిటంటే, రూల్స్ అన్నీ నేర్చుకున్నాకే నోరు విప్పుదామని ఆగకండి. ఈ జట్టు తన మనుషుల్ని ఎంత ఏడిపించిందో ముందు తెలుసుకోండి. ఇక్కడి మాటల్లో సగం దాని చుట్టూనే తిరుగుతాయి.

మెరినర్స్ 1977లో పుట్టిన జట్టు. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో 2025 దాకా ఒక్క వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతలు తలపడే ఆఖరి సిరీస్) కూడా ఆడనిది ఇదొక్కటే. 2001లో 162 ఆటలకి 116 గెలిచి, షికాగో కబ్స్ 1906లో పెట్టిన రికార్డును సమం చేసి కూడా లీగ్ ఫైనల్లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత 2022 వరకు ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత మేటి జట్ల నాకౌట్ పోటీలు) మొహమే చూడలేదు. ఫెలిక్స్ హెర్నాండెజ్ అంతటి పిచ్చర్ (బంతి వేసేవాడు) 15 సీజన్లు ఇక్కడే ఆడాడు, 2012లో పర్ఫెక్ట్ గేమ్ (ఎదుటివాళ్ళలో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట) వేశాడు, అయినా ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా దక్కలేదు. మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఈ మాట వస్తే ఊరుకోడు, అరగంట మాట్లాడతాడు.

క్రికెట్ వాళ్ళకి కొత్తగా అనిపించేది సీజన్ పొడవు. మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఆటే. నిన్న ఓడిపోతే దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడరు, సాయంత్రం మళ్ళీ ఇంకొకటి ఉంటుంది కదా. ఎవరి బ్యాట్ పది రోజులుగా మూగబోయింది, బుల్‌పెన్‌లో (ఆట మధ్యలో దిగే పిచ్చర్లలో) ఎవరు అలిసిపోయారు, మన డివిజన్‌లోనే (లీగ్‌లో మన గ్రూపు) ఉన్న హూస్టన్ మనకంటే ఎన్ని ఆటలు ముందుంది, ఇవీ మాటలు. అలాగని ఏప్రిల్‌లో పోయిన ఆట ఊరికే పోదు. 2023లోనూ, 2024లోనూ ప్లేఆఫ్స్ తప్పిపోయింది ఒకే ఒక్క ఆట తేడాతో.

ఆటగాళ్ళ సంగతికొస్తే, బ్యాటింగ్ సగటు ఒక్కటే పట్టుకుని ఎవరినీ తీసిపారేయకండి. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) కాల్ రాలీనే చూడండి. 2025లో అతని సగటు .247, అంటే నాలుగు ప్రయత్నాలకి ఒక హిట్ కూడా పూర్తిగా లేదు. కానీ అదే ఏడు 60 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. క్యాచర్లలో అంతకుముందు రికార్డు 48. కుడి, ఎడమ రెండు వైపులా బ్యాట్ చేసేవాళ్ళలో మికీ మాంటిల్ 1961లో కొట్టిన 54 రికార్డు. రెండూ దాటేశాడు. ఇదంతా క్యాచర్ పని చేస్తూ! ఆ పని దగ్గర్నుంచి చూస్తేగానీ తెలీదు. ప్రతి బంతికీ గొంతుక్కూర్చోవాలి, మీట నొక్కి పిచ్చర్ టోపీలో ఉండే చిన్న స్పీకర్‌కి ఏ బంతి వేయాలో చెప్పాలి, గంటకి 95 మైళ్ళ వేగంతో వచ్చేదాన్ని గ్లవ్‌లో పట్టాలి, బ్యాట్ అంచు తగిలి వచ్చే దెబ్బలు ముసుగు మీద, భుజాల మీద తినాలి. ఆ తర్వాత ప్యాడ్లు విప్పి బ్యాట్ అందుకోవాలి. ఆ ఏడు ఎం.వి.పి. (లీగ్‌లో మేటి ఆటగాడి బహుమతి) యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్‌కి వెళ్ళింది. సగటు .331, కాదనలేం. అయినా నా ఓటు రాలీకే.

ఇంకో విషయం, మన స్టేడియం. సముద్రపు చల్లగాలికి ఇక్కడ బంతి దూరం పోదు. అందుకే ఇంటి దగ్గర మన బ్యాటర్ల అంకెలు తగ్గుతాయి, పిచ్చర్లవి మెరుస్తాయి. వేరే ఊరి అభిమానులు మన పిచ్చర్లు లోగన్ గిల్బర్ట్‌నీ, జార్జ్ కర్బీనీ తక్కువ చేసి మాట్లాడేటప్పుడు ఎత్తే మాట ఇదే. వాళ్ళు బయటి మైదానాల్లో ఎలా వేశారో చూసి జవాబు చెప్పండి.

జూలై ఆఖరు వారం మాత్రం ఆఫీసులో పని సరిగ్గా సాగదు. ఐపీఎల్ వేలం సీజన్‌కి ముందే ముగుస్తుంది, ఇక్కడ నడి సీజన్‌లో ట్రేడ్ డెడ్‌లైన్ (జట్లు ఆటగాళ్ళని మార్చుకునే ఆఖరి గడువు) ఉంటుంది. 2025లో అలాగే అరిజోనా నుంచి జాష్ నేలర్, యుహెనియో సువారెజ్ వచ్చారు, జట్టు 2001 తర్వాత తొలిసారి డివిజన్ గెలిచింది.

ఆ ఏడు లీగ్ ఫైనల్ ఏడో ఆట గురించి మాత్రం మీరు తప్పకుండా తెలుసుకోవాలి. టొరంటోలో ఏడో ఇన్నింగ్స్ (మొత్తం తొమ్మిది, ఒక్కోదాంట్లో జట్టుకి మూడు అవుట్లు), మనవాళ్ళు 3-1తో ముందున్నారు. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు, ఒక అవుట్. ఇంకా ఎనిమిది అవుట్లు తీస్తే వరల్డ్ సిరీస్. మేనేజర్ డాన్ విల్సన్ పిచ్చర్ బ్రయన్ వూని తీసేసి ఎడ్వార్డ్ బజార్డోని దింపాడు. టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, 4-3తో ఓడిపోయాం. క్లోజర్ (ఆట చివర్లో దింపే పిచ్చర్) ఆండ్రెస్ మున్యోజ్‌ని అప్పుడే దింపాల్సిందని ఇక్కడ చాలామంది అంటారు. నాదీ అదే మాట: ఆట పోయే క్షణం ఏడోదాంట్లోనే వస్తే, మేటి బౌలర్‌ని తొమ్మిదోదాని కోసం దాచుకోవడం ఎందుకు? బజార్డో ఆ ఏడంతా చక్కగా వేశాడు కదా అనేవాళ్ళూ ఉన్నారు. మీరు తీర్పు చెప్పక్కర్లేదు. "మీరైతే ఎవర్ని దింపేవారు?" అని అడగండి చాలు. భోజనాల టైం అయిపోయినా మాటలు అవవు.

ఇక ఆటకి వెళ్ళాలంటే, ఏప్రిల్, మే నెలల్లో వారం మధ్య టికెట్లు చవగ్గా దొరుకుతాయి. లైట్ రైల్లో స్టేడియం స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. స్వెట్టర్ మర్చిపోకండి, పైకప్పు మూసినా పక్కల నుంచి చలిగాలి కొడుతూనే ఉంటుంది.